పెరట్లో కొత్త ఆకులు: శ్రీకాకుళం గాలికి ఏవి నిలుస్తాయి?

మీ ప్రశ్న చదివానండి. శ్రీకాకుళంలో ఇల్లు, వెనక కాస్త పెరడు, మేడ మీద ఓ పాతిక కుండీలకు చోటు ఉంది. తులసి, పుదీనా, కొత్తిమీర ఎలాగూ ఉన్నాయి. అందరి ఇళ్ళలో కనబడని ఆకులు పెంచాలని ఉంది, ఆన్‌లైన్‌లో రోజ్‌మేరీ, థైమ్, లావెండర్ విత్తనాలు చూసి పెట్టుకున్నాను, కొనమంటారా అని అడిగారు. మాది విజయనగరం. వాసన ఆకుల మొక్కలంటే నాకు పిచ్చి, చిన్నగా నారు పోసి అమ్ముతుంటాను కూడా. అందుకే కాస్త పెద్దగానే రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ మూడు ప్యాకెట్ల సంగతి. కొనకండి. ఆ మూడూ పొడి గాలికి, రాళ్ళ నేలకి అలవాటైన మొక్కలు. వేళ్ళ దగ్గర తడి నిలిస్తే బతకవు. మనకేమో జూన్ నుంచి అక్టోబరు దాకా వానలు. వాన లేని రోజున ఉక్క, రాత్రయినా ఆ ఉక్క దిగదు. ఎండాకాలం గట్టెక్కిన థైమ్ కూడా శ్రావణ భాద్రపదాల్లో మొదలు దగ్గర నల్లబడిపోతుంది, పైన ఆకులు పచ్చగా ఉండగానే లోపల పని అయిపోతుంది. లావెండర్ మీద అస్సలు డబ్బు పెట్టకండి. రోజ్‌మేరీ ఒక్కటే వీటిలో కొంచెం మొండి ఘటం. అంత మనసైతే విత్తనం కాదు, మొక్క కొనండి. విత్తనం మొలవడానికి వారాలు పడుతుంది, మొలిచేవీ తక్కువే. చలికాలంలో కడియం నర్సరీల నుంచి మన ఊళ్ళకి వచ్చే మొక్కలు ఉత్త కొబ్బరి పొట్టులో ఉంటాయి. దాన్ని అలాగే వదలకుండా మట్టి కుండీలోకి మార్చండి. ఎర్రమట్టి ఒక వంతు, గరుకు ఏటి ఇసుక రెండు వంతులు. వాన పడని చూరు కింద, ఉదయం ఎండ తగిలేచోట పెట్టాలి. వేలు గుచ్చి చూసి లోపల పొడిగా ఉంటేనే నీళ్ళు. ఇంత చేస్తే ఉంటుంది. గుబురుగా పెరుగుతుందని మాత్రం ఆశ పడకండి.

నన్నడిగితే కొత్త రకం కోసం ఎక్కడో వెతకక్కర్లేదు. మీ వంటింట్లో, మీ పూజ గదిలో ఇప్పటికే ఏ వాసనలు ఉన్నాయో చూసుకుని వాటి చుట్టాల్ని పట్టుకోండి. వాసన తెలిసినదైతే దాన్ని ఏ కూరలో వేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. తెచ్చిన మొక్క వంటకి ఎక్కకపోతే ఎంత అరుదైనదైనా రెండో ఏటికి కుండీలో కలుపే మిగులుతుంది. ఇది చాలా ఇళ్ళలో చూస్తున్నదే.

తులసి నుంచే మొదలుపెడదాం, ఎందుకంటే రకాల విషయంలో దీనంత వింత ఇంకో మొక్కలో లేదు. పచ్చ ఆకుది లక్ష్మీ తులసి, ఊదా రంగుది కృష్ణ తులసి, ఈ రెండూ మీకు తెలుసు. కృష్ణ తులసి తెచ్చాక పచ్చబడిపోయిందని చాలామంది ఫిర్యాదు చేస్తారు. నర్సరీ వాడు మోసం చేసి ఉండకపోవచ్చు. ఎండ తగ్గితే ఆ రంగు తగ్గుతుంది. మేడ మీద పూర్తి ఎండలో పెట్టి చూడండి, కొత్త చిగుళ్ళు ముదురు రంగుతో వస్తాయి. ఇక వీటి పక్కన పెట్టదగ్గవి మరో నాలుగున్నాయి. లవంగ తులసి పొదలా మనిషెత్తు పెరుగుతుంది, ఆకు అరచేయంత ఉంటుంది, నలిపితే లవంగం వాసన. దీనికి కుండీ చాలదు, పెరట్లో ఓ మూల ఇవ్వండి. కర్పూర తులసి ఆకు మీద బూడిద రంగు నూగు ఉంటుంది, తాకితే చాలు కర్పూరం. అది తినడానికి కాదు, సాయంత్రం వాకిట్లో కూర్చునే చోట ఉంటే బాగుంటుంది. నిమ్మ తులసి చిన్న మొక్క, సన్నని ఆకు, చక్కటి నిమ్మ వాసన. టీలోకి, చేపల వేపుడు మీద చల్లుకోడానికి నాకు దీన్ని మించింది లేదు.

నాలుగోది మీ ఇంట్లో ఇప్పటికే ఉండొచ్చు, సబ్జా గింజల డబ్బాలో. పిజ్జాల మీద వేసే బేసిల్, మన సబ్జా మొక్క, రుద్రజడ అని పెద్దవాళ్ళు పిలిచేది, అన్నీ ఒకే జాతి. కిరాణా కొట్టులో తెచ్చిన సబ్జాని నానబెట్టకుండా పొడిగానే కుండీ మట్టి మీద చల్లి, పైన ఇసుక పల్చగా జల్లి, చేత్తో నీళ్ళు చిలకరించండి. నానబెడితే గింజ చుట్టూ జిగురు పట్టి ఒకదానికొకటి అంటుకుపోతాయి, సమంగా చల్లడం కుదరదు. వారం తిరక్కుండా మొలుస్తాయి. అసలు సరదా ఆ తర్వాత. నాలుగైదు ఆకులు వేశాక ఒక్కో మొక్క దగ్గర ఒక్కో ఆకు గిల్లి వాసన చూడండి. కొట్టులో గింజ ఒకే రకం అని ఎవరూ ఏరి అమ్మరు కాబట్టి ఒకటి సోంపులా, ఒకటి లవంగంలా, ఒకటి కాస్త ఘాటుగా, ఒకటి ఏ వాసనా లేకుండా రావచ్చు. మీ ముక్కుకి నచ్చిన రెండో మూడో ఉంచుకుని మిగతావి పీకేయండి. రూపాయల్లో పని, ఆ రకం మీ పెరటికే సొంతం.

ప్యాకెట్ విత్తనమే కొనాలనుకుంటే థాయ్ బేసిల్ కొనండి. ఊదా కాడ, సోంపు వాసన, మన ఎండకీ వానకీ బాగానే నిలబడుతుంది. వెడల్పాటి ఆకుల ఇటాలియన్ రకం వానల్లో ఆకుల మీద మచ్చలు పడి పాడవుతుంది, దాన్ని నవంబరులో వేసి మార్చికల్లా వాడేసుకోవాలి. దేనికైనా పూమొగ్గ కనబడగానే తుంచండి, లేకపోతే ఆకు చిన్నదై చేదెక్కుతుంది. ఇంకో మాట. సబ్జా, థాయ్, ఇటాలియన్, నిమ్మ తులసి పక్కపక్కనే పూస్తే తేనెటీగలు వాటిని కలిపేస్తాయి. ఆ విత్తనం నుంచి వచ్చేవి అటూ ఇటూ కాని మొక్కలు. నచ్చిన రకం నిలుపుకోవాలంటే కొమ్మ తుంచి గ్లాసు నీళ్ళలో పెట్టండి, వేళ్ళు వస్తాయి. కోటలో పూజ చేసే తులసికి ఈ బెంగ లేదు, అది వీటితో తేలిగ్గా కలవదు.

ఇప్పుడు కొత్తిమీర. మార్చి దాటితే కొత్తిమీర మన దగ్గర ఎంత బతిమాలినా నాలుగాకులు వేసి పువ్వుకొచ్చేస్తుంది. అది వేడికి దాని స్వభావం, మీ పెంపకం లోపం కాదు. చలికాలానికి ధనియాలు రెండు పప్పులుగా నలిపి, రాత్రి నానబెట్టి నేరుగా కుండీలో వేయండి, నారు పోసి నాటకండి. రకాలు కావాలంటే ఆకు కోసమని గుంటూరు లాం పరిశోధన స్థానం వాళ్ళు ఇచ్చిన సురుచి ఉంది. పలుమార్లు కోసుకోడానికి బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్క ఈశ ఉంది, గుబురుగా పెరిగి ఆలస్యంగా పూస్తుంది.

అసలు చెప్పాలనుకున్నది మిగతా ఎనిమిది నెలల గురించి. మీ బంధువుల్లో ఎవరైనా పోర్టుబ్లెయిర్‌లో ఉన్నారా? సోంపేట, ఇచ్ఛాపురం వైపు నుంచి అక్కడికి వెళ్ళిన కుటుంబాలు బోలెడు కాబట్టి అడుగుతున్నాను. వాళ్ళని బర్మా ధనియా అని అడగండి, వెంటనే చెబుతారు. అండమాన్‌లో, ఈశాన్య రాష్ట్రాల్లో కొత్తిమీర బదులు వాడేది ఇదే. చూడటానికి కొత్తిమీర పోలికే ఉండదు. నేలకి పరుచుకున్న ఆకులు, ఒక్కొక్కటి జానెడు పొడుగు, అంచు రంపం పళ్ళలా ఉంటుంది. నలిపారో, పది కట్టల కొత్తిమీర ఒక్కసారి నలిపినట్టే. ఉడికినా ఆ వాసన పోదు, ఎండబెట్టినా పోదు. కాబట్టి చేపల పులుసు దించే ముందు కాకుండా మరిగేటప్పుడే వేయొచ్చు. పచ్చడికి కొత్తిమీర వేసేదానిలో సగం కూడా వద్దు. చారులోకి రెండాకులు చాలు.

దీనికి మన వాతావరణం అచ్చంగా సరిపోతుంది. ఉక్క కావాలి, తడి కావాలి, నీడ కావాలి. కరివేపాకు చెట్టు కిందో, మునగ కిందో, నీళ్ళ కుళాయి పక్కనో వేయండి. ఎండలో పెడితే బతుకుతుంది కానీ ఆకు గట్టిపడి త్వరగా పువ్వుకొస్తుంది. నడిమి నుంచి ముళ్ళముళ్ళగా ఒక కాడ లేస్తుంది, అదే పూకాడ. కనబడగానే మొదలంటా కోసేయండి, మళ్ళీ ఆకు వేస్తుంది. ఒక్క మొక్కని మాత్రం వదిలేస్తే గింజ రాలి చుట్టూ అదే మొలుస్తుంది. విత్తనం మాత్రం దుమ్ములా సన్నగా ఉంటుంది, మొలవడానికి మూడు నాలుగు వారాలు తీసుకుంటుంది. ఈలోపు ఇది రాదులే అని కుండీలో ఇంకేదో వేసేస్తారు. వేయకండి. మట్టి పైనే చల్లి, తడిగోనె కప్పి, మొలక కనబడేదాకా ఎండనివ్వకుండా చూడండి. మీ పాతిక కుండీల్లో ఒక్కటే కొత్తది పెట్టమంటే నేను దీన్నే పెడతాను.

పుదీనాలో మన బజారు రకం బాగానే ఉంటుంది. కట్టలోంచి ముదురు కాడలు ఏరి నీళ్ళలో పెడితే వేరు పడుతుంది. దీనికి లోతు అక్కర్లేదు, వెడల్పు కావాలి. పగిలిన ప్లాస్టిక్ టబ్బు అడుగున కన్నాలు పెట్టి వాడుకోండి, ఏడాదికోసారి పీకి విడదీసి కొత్త మట్టిలో నాటండి. పెప్పర్‌మింట్ విత్తనాలని ఆన్‌లైన్‌లో అమ్ముతుంటారు, చూసి నవ్వుకోండి. పెప్పర్‌మింట్ రెండు పుదీనాలు కలిసి పుట్టిన గొడ్డు మొక్క, గింజ కట్టదు. పిలకల్తో, కొమ్మల్తోనే పెంచాలి. చాక్లెట్ మింట్ అనేదీ దాని రకమే. రెండు రకాలు తెచ్చుకుంటే రెండు తొట్లలో పెట్టండి, ఒకే తొట్టిలో పెడితే బలమైనది రెండోదాన్ని మింగేస్తుంది.

ఒరెగానో కోసం కూడా అడుగుతారని తెలుసు. మీ వీధిలోనే ఉంది, వాము ఆకు. మందపాటి నూగు ఆకు, బజ్జీలు వేసుకునేది. ఒరెగానో ఘాటుకి కారణమైన కార్వక్రాల్ అనే నూనె పదార్థమే ఇందులోనూ ఉంది. ఎండిన ఒరెగానో చల్లే చోట దీని ఆకు సన్నగా తరిగి, తక్కువగా వేసి చూడండి. తెల్ల అంచు ఉన్న రకం కూడా దొరుకుతుంది, మెల్లగా పెరుగుతుంది కానీ కుండీకి అందం. రెండింటికీ నీళ్ళు ఎక్కువైతే కాడ కుళ్ళిపోతుంది, అంతకు మించి బెడద లేదు. మన వాము గింజ మొక్క వేరు, దీనికీ దానికీ చుట్టరికం లేదు.

ఒరెగానోకి నిజమైన తోబుట్టువు కావాలంటే కనకాంబరాల దండలో చూడండి. మరువం. వినాయకచవితి పత్రిలో వేస్తాం, జడలో పెట్టుకుంటాం, వంటలో వేయాలని మాత్రం మనకి తోచలేదు. బయటి దేశాల్లో మార్జోరం పేరుతో మాంసం కూరల్లో, సూపుల్లో వాడేది ఇదే. బంగాళాదుంప వేపుడు దించాక నాలుగు రెబ్బలు చిదిమి వేసి మూత పెట్టండి. పూల కొట్టులో తెచ్చిన రెమ్మ వేరు పట్టొచ్చు కానీ దాని మీద ఏ మందు కొట్టారో తెలియదు. అందుకే దాన్ని నాటి, కొత్తగా వచ్చిన చిగుళ్ళే తినండి. వానల్లో చూరు కిందికి జరపాలి, కుండీలో ఇసుక పాలు ఎక్కువ ఉండాలి.

ధవనం ఉత్త చలికాలపు మొక్క, నవంబరులో చల్లితే ఫిబ్రవరి, మార్చిలకి పూసి అయిపోతుంది. తినడానికి కాదు, వాసన కోసం. లేతగా ఉన్నప్పుడు వయ్యారిభామ మొలకని ధవనం అనుకునేవాళ్ళున్నారు, రెండు ఆకులూ చీలికలుగానే ఉంటాయి. ధవనం ఆకు వెండి పూసినట్టు బూడిద తెలుపులో ఉంటుంది, ముట్టుకోగానే చేతికి కమ్మటి వాసన అంటుతుంది. వయ్యారిభామ ఉత్త పచ్చగా, గరుగ్గా ఉంటుంది. ఒళ్ళు దద్దుర్లు తెప్పించే కలుపు అది, అనుమానం వస్తే తొడుగు లేకుండా పీకకండి.

మన తీరానికి నప్పే ఇంకొకటి అన్నపూర్ణ ఆకు. కొన్ని నర్సరీల్లో పండాన్, రంభ ఆకు అంటారు. ఉద్దానం వైపు ఇసుక గట్ల మీద మొగలి పొదలు చూసుంటారు కదా, దానికి ఇంటి మనిషే, ముళ్ళు మాత్రం దాదాపు లేవు. అన్నం ఉడికేటప్పుడు ఒక ఆకు ముడివేసి వేస్తే బాస్మతి వాసన వస్తుంది. మామూలు బియ్యం పరమాన్నంలో వేసి చూడండి, ఎవరూ కనిపెట్టలేరు. విత్తనాలని ఎవరైనా అమ్మితే నమ్మకండి, ఇదీ పిలకలతోనే వస్తుంది. సగం నీడ, తడి, ఉక్క, అన్నీ మన దగ్గర ఉచితం.

మామిడి అల్లం చలికాలంలో దొరికినప్పుడు రెండు కొమ్ములు దాచి, మే నెలాఖరులో పాత సిమెంటు గోలెంలో పెట్టండి. డిసెంబరుకి ఆకు ఎండి కుండీ ఖాళీగా కనబడుతుంది, చచ్చిపోయిందని పారబోయకండి, అప్పుడే తవ్వాలి. నిమ్మగడ్డి ఎవరి దుబ్బునుంచైనా పిలక తెచ్చుకుంటే సరి. ఒక్కటే జాగ్రత్త, అడుగు ఎర్రగా ఉండి సబ్బు వాసన కొడితే అది సిట్రొనెల్లా, టీకి పనికిరాదు. అంచులు చెయ్యి కోస్తాయి కాబట్టి పిల్లలు తిరిగే దారిలో పెట్టకండి. సరస్వతి ఆకు కుళాయి పక్కన దానంతటదే పాకుతుంది, పచ్చడి బాగుంటుంది. కాలవ గట్టున పెరిగినది మాత్రం తినకండి, ఆ నీళ్ళలోది అంతా ఆకులోకి వస్తుంది. రోజూ మందులు వాడేవాళ్ళు ఇలాంటి ఆకుల్ని మందులా తినేముందు డాక్టరుని ఒకమాట అడగడం మంచిది.

ఎప్పుడు మొదలుపెట్టాలనేది రకం ఎంత ముఖ్యమో అంత ముఖ్యం. పిలకలు, కొమ్మలు నాటేవి, అంటే అన్నపూర్ణ, నిమ్మగడ్డి, వాము ఆకు, లవంగ తులసి, వీటితో పాటే బర్మా ధనియా, తొలకరికి పెట్టేయండి. చలికాలపు విత్తనాలన్నీ, అంటే కొత్తిమీర, ఇటాలియన్ బేసిల్, ధవనం, సోయకూర, పార్స్‌లీ, నాగులచవితి వెళ్ళాకే. 2014లో హుద్‌హుద్ తుఫాను అక్టోబరు 12న, 2018లో తిత్లీ తుఫాను అక్టోబరు 11న వచ్చాయి, మనకి గుర్తుండేవే. ఆ నెలంతా మేడ పిట్టగోడ మీద ఒక్క కుండీ కూడా ఉంచకండి, మొక్క పోతే పోయింది, కింద నడిచేవాళ్ళ మీద పడుతుంది.

మట్టికి పెద్ద శాస్త్రం లేదు. ఎర్రమట్టి, ఏటి ఇసుక, బాగా మాగిన పశువుల గత్తం సమపాళ్ళలో కలపండి. పచ్చి పేడ వద్దు. కొబ్బరి పొట్టు మన దగ్గర చవక అని ఎక్కువ కలిపేస్తారు, కలిపేముందు రెండు మూడు నీళ్ళలో కడిగి పిండండి, చాలాసార్లు అందులో ఉప్పు ఉంటుంది. పురుగుకి వేపనూనె లీటరు నీళ్ళకి ఒక చెంచా, రెండు చుక్కల సబ్బు నీళ్ళు. కొట్టాక కొన్నాళ్ళు ఆ ఆకు కోయకండి, కడిగినా చేదు పోదు. కరివేపాకు మీద పిట్ట రెట్టలా కనబడేది సీతాకోకచిలుక పురుగు, దానికి మందు దండగ, చేత్తో తీసేయండి.

నీళ్ళ సంగతి మీరు రాయలేదు. మీది బోరైతే ఒకసారి నోట్లో వేసుకుని చూడండి. ఉప్పదనం తగిలితే కొత్తిమీర, పుదీనాల ఆకు అంచులు ముందు మాడతాయి, ఆ తర్వాత మిగతావి. అలాంటప్పుడు మేడ మీది వాన నీళ్ళు ఓ డ్రమ్ములో పట్టి ఆ రెంటికీ వాటినే పోయండి. నెలకోసారి కుండీ అడుగు కన్నంలోంచి ధారగా కారేంత వాన నీళ్ళు పోస్తే పేరుకున్న ఉప్పు కొంత కొట్టుకుపోతుంది. నీళ్ళు ఎలాంటివో, మేడ మీద ఎండ ఏ వేళ నుంచి ఏ వేళ దాకా పడుతుందో రాస్తే, ఏ కుండీ ఎక్కడ పెట్టాలో ఇంకా కచ్చితంగా చెబుతాను.